నౌకాదళంలో లెఫ్టినెంటు స్థానమేది?

బళ్ళారికి సముద్రం దూరం. పడమటికి పోతే గోవా, కార్వారు. తూర్పుకు పోతే నెల్లూరు, మచిలీపట్నం, విశాఖపట్టణం. అయినప్పటికీ సముద్రం తాలూకు మాట ఒకటి మన పొలాల్లోనే తిరుగుతూ వున్నది. తుంగభద్ర కాలువల మీద తూముల తలుపులు యెత్తి దించే మనిషిని మనమందరం "లస్కరు" అంటాము. పారశీకంలో "లష్కర్" అంటే సైన్యం. అదే మాట వెనుకటి దినాల్లో ఇంగ్లీషువారి ఓడల్లో పనిచేసిన మన దేశపు నావికులకు పేరయింది. ఓడలో లస్కర్ల మీద తండేలు, తండేలు మీద సరంగు, ఆ పైన దొరలు. కాలువ మీద లస్కరుకు పైన వర్క్ ఇన్‌స్పెక్టరు, ఆ పైన ఇంజనీర్లు, అట్లా చీఫ్ ఇంజనీరు దాకా.

అర్ధరాత్రి కాలువకు గండి పడినప్పుడు చీఫ్ ఇంజనీరు గట్టు మీద వుండడు. ఆ వేళకు అక్కడ వున్న మనిషే తలుపు దించాలా, పైకి కబురు పంపాలా అని తేల్చుకోవాలి. పైవాడు లేనిచోట పని యెవరిది అనే ప్రశ్నకు ముందుగానే చెప్పివుంచిన జవాబే హోదా. యీ సంగతి నౌకాదళంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. అందులోనూ లెఫ్టినెంటు అనే మెట్టు దగ్గర మరీ స్పష్టం.

ముందుగా మన యిళ్ళలో తరచు వచ్చే చిక్కొకటి విప్పుకొందాము. ఒక యింటికి రెండు సంబంధాలు వచ్చినవనుకోండి. ఒక పిల్లవాడు సైన్యంలో కెప్టెను. రెండవవాడు నౌకాదళంలో లెఫ్టినెంటు. "కెప్టెనంటే పెద్దోడు గదమ్మా, ఆ రెండోవాడు యింకా కింద వుండాడు" అని అవ్వ తేల్చేస్తుంది. బళ్ళారిలో కంటోన్మెంటు పేరు పాతది గనుక సైన్యపు హోదాలు మనకు కొంత చెవినబడినవే. కాని అవ్వ లెక్క తప్పు. ఆ పిల్లలిద్దరూ సరిసమానులు. సైన్యంలో కెప్టెను యెంతో, నౌకాదళంలో లెఫ్టినెంటు అంత. వైమానికదళంలో ఫ్లైట్ లెఫ్టినెంటు కూడా అంతే. నౌకాదళంలో కెప్టెను అయినవాడు సైన్యంలోని కర్నలుకు సమానం. అంటే యీ కెప్టెనుకూ ఆ కెప్టెనుకూ మధ్య మూడు మెట్లున్నవి.

మన నౌకాదళంలో అధికారుల మెట్లు కిందినుంచి పైకి యివి: సబ్-లెఫ్టినెంటు, లెఫ్టినెంటు, లెఫ్టినెంటు కమాండరు, కమాండరు, కెప్టెను, కమొడోరు, రియర్ అడ్మిరలు, వైస్ అడ్మిరలు, అడ్మిరలు. సైన్యంలో వీరికి సాటి అయినవారు వరుసగా లెఫ్టినెంటు, కెప్టెను, మేజరు, లెఫ్టినెంటు కర్నలు, కర్నలు, బ్రిగేడియరు, మేజరు జనరలు, లెఫ్టినెంటు జనరలు, జనరలు. విశాఖపట్టణం, ముంబయి, కొచ్చిలలోని మూడు కమాండులకూ వైస్ అడ్మిరళ్ళు అధిపతులు. అందరి మీద ఢిల్లీలో నౌకాదళాధిపతి, ఒకే ఒక్క అడ్మిరలు.

భుజం మీద బంగారు గీతలు చూసి హోదా పోల్చుకోవచ్చు. సబ్-లెఫ్టినెంటుకు ఒక గీత, లెఫ్టినెంటుకు రెండు, కమాండరుకు మూడు, కెప్టెనుకు నాలుగు. లెఫ్టినెంటు కమాండరుకు రెండు గీతల మధ్య ఒక సన్నగీత వుంటుంది. ఆ సన్నగీతకొక కథ వున్నది. బ్రిటిషు నౌకాదళంలో చాలాకాలం అట్టి హోదాయే లేదు. యెనిమిదేళ్ళు లెఫ్టినెంటుగా పనిచేసినవానికి అనుభవం గుర్తుగా 1877లో అరగీత యిచ్చారు. ఆ అరగీతకు లెఫ్టినెంటు కమాండరు అనే పేరు 1914లో గాని రాలేదు. ఇక అడ్మిరళ్ళ భుజచిహ్నాలను మన దేశం 2023లో మార్చుకొన్నది. శివాజీ రాజముద్రలోని అష్టకోణాన్ని అందులోకి తెచ్చారు.

ఇంకొక సంగతి కూడా చెప్పుకోవాలి. హోదా వేరు, ఓడ పెత్తనం వేరు. చిన్న యుద్ధనౌకకు లెఫ్టినెంటు కమాండరు అధిపతి అయితే, ఆ ఓడ మీదివారికి అతడే కెప్టెను. పెద్దనౌకలకు కమాండర్లు, కెప్టెన్లు అధిపతులుగా వుంటారు. ఊరికంతా పెద్ద వేరే వున్నా, యింటికి యింటి పెద్దే పెద్ద అయినట్టు.

లెఫ్టినెంటు అనే మాట ఫ్రెంచివారిది. "ల్యూ" అంటే చోటు, "తెనాఁ" అంటే పట్టి నిలిచినవాడు. పెద్దవాని చోటును పట్టి నిలిచినవాడని అర్థం. లెఫ్టినెంటు గవర్నరు అన్న పదవిలోనూ యిదే మాట వున్నది. తహశీల్దారు వూళ్ళో లేనప్పుడు డిప్యూటీ తహశీల్దారు సంతకం యెట్లా చెల్లుతుందో, ఓడలో కెప్టెను నిద్రలో వున్నప్పుడు లెఫ్టినెంటు మాట అట్లా చెల్లుతుంది. తేడా యేమంటే కచేరీలో కాగితం మరునాటికి ఆగుతుంది, సముద్రం ఆగదు.

ఓడలో రాత్రింబగళ్ళు పహరా వుంటుంది. నాలుగేసి గంటలకొక పహరా. సాయంకాలం 4 నుంచి 8 దాకా మాత్రం రెండేసి గంటల రెండు చిన్న పహరాలు చేస్తారు. అట్లా చేస్తే రోజుకు పహరాలు ఆరుకు బదులు యేడవుతవి; సరిసంఖ్య కాదు గనుక ఒకే మనిషికి నిత్యం అదే అర్ధరాత్రి పహరా పడదు. పూర్వులు వేసిన యీ చిన్న లెక్కలో యెంత న్యాయం వున్నదో చూడండి.

ఆ పహరాకు పూచీ పడే అధికారి సాధారణంగా లెఫ్టినెంటు, లేదా ఆ చుట్టుపట్ల హోదావాడు. పహరా ఒంటరిగా చూడగలడని ఓడ అధిపతి పరీక్షించి పట్టా యిస్తేగాని అతన్ని నిలబెట్టరు. రాత్రి పడుకోబోయేముందు అధిపతి తన ఆజ్ఞలు ఒక పుస్తకంలో వ్రాసిపెడతాడు. ఫలానా దీపం కనిపిస్తే లేపు, ఫలానా దూరానికి ఓడ వస్తే లేపు అని. కాని లేపేలోగా ప్రమాదం వచ్చిపడితే? అప్పుడు ఓడను తిప్పవలసినవాడు లెఫ్టినెంటే. 20 నాటుల వేగమంటే గంటకు సుమారు 37 కిలోమీటర్లు. అట్టి రెండు ఓడలు యెదురెదురుగా వస్తే 10 కిలోమీటర్ల యెడం యెనిమిది నిమిషాల్లో కరిగిపోతుంది. ప్రతి ఓడకూ ఎడమవైపు యెర్రదీపం, కుడివైపు పచ్చదీపం వుంటవి. అడ్డంగా వచ్చే ఓడ మన కుడిప్రక్కన వుండి దాని యెర్రదీపం కనిపిస్తే తప్పుకోవలసినది మనమే. యీ రంగులు పోల్చుకోలేని కన్ను ఆ పనికి పనికిరాదు. నౌకాదళంలో చేరేవారికి రంగుల పరీక్ష అంత ఖచ్చితంగా చేసేది అందుకే.

యిట్టి కొలువు గనుకనే దీనిని అంగట్లో అమ్మలేకపోయారు. బ్రిటిషు సైన్యంలో 1871 దాకా అధికారి పదవులు డబ్బిచ్చి కొనుక్కొనే ఆచారముండేది. నౌకాదళంలో అట్టి బేరం సాగలేదు. శామ్యూల్ పెపిస్ అనే ఉద్యోగి 1677లోనే లెఫ్టినెంటు పదవికి పరీక్ష పెట్టించాడు. పెద్దల ప్రాపకం అక్కడా వుండేది. పరీక్షకు పిలిపించేదాకా సిఫార్సు పనిచేసేదేమో గాని, గాలివానలో తెరచాప దించమని సిఫార్సు చెప్పలేదు కదా!

అనుభవం కొనుక్కోలేమన్న నిజం మన దేశానికి కష్టంగానే తెలిసివచ్చింది. 1947లో స్వాతంత్ర్యం వచ్చింది. 1949లో సైన్యానికి కరియప్పగారు, 1954లో వైమానికదళానికి సుబ్రతో ముఖర్జీగారు భారతీయ అధిపతులైనారు. నౌకాదళానికి మాత్రం 1958 దాకా ఇంగ్లీషు అధిపతులే వుండవలసివచ్చింది. కారణం విచిత్రమైనదేమీ కాదు. భారతీయుణ్ణి మొట్టమొదట అధికారిగా తీసుకొన్నదే 1928లో, ఆయన డి. ఎన్. ముఖర్జీ అనే ఇంజనీరు. ఆ తరువాత కూడా చేరినవారు కొద్దిమంది. మెట్టు మెట్టుగా యెక్కి రావటానికి యేళ్ళు పడుతుంది గనుక, పైమెట్టు చేరిన భారతీయుడు స్వాతంత్ర్యం నాటికి లేడు. తలుపులు ఆలస్యంగా తెరిస్తే లోపలి గది ఆలస్యంగానే నిండుతుంది.

చివరకు 1958 ఏప్రిల్ 22న ఆ పీఠమెక్కిన మొదటి భారతీయుడు వైస్ అడ్మిరలు రామ్ దాస్ కటారి. ఆయన 1911లో చెంగల్పట్టులో పుట్టి, సికిందరాబాదులోని మహబూబు కాలేజీ హైస్కూలులోనూ, హైదరాబాదు నిజాం కాలేజీలోనూ చదువుకొన్నారు. 1927లో బొంబాయి రేవులో డఫ్రిన్ అనే శిక్షణనౌక ప్రారంభమైనప్పుడు మొదటి జట్టులో చేరిన విద్యార్థులలో ఆయన ఒకరు. ఆ నౌక వ్యాపార ఓడలకు భారతీయులను తయారుచేయటానికి పెట్టినది. రెండవ ప్రపంచయుద్ధం ఆయనను నౌకాదళంలోకి తెచ్చింది. 1956లో రియర్ అడ్మిరలుగా మన యుద్ధనౌకల సముదాయానికి నాయకుడైన మొదటి భారతీయుడు కూడా ఆయనే. ఆయన అధిపతిగా వున్నప్పుడే 1961లో విమానవాహక నౌక విక్రాంత్ మన దళంలో చేరింది; ఆ డిసెంబరులోనే గోవా విముక్తి జరిగింది. 1962లో విరమించిన పిమ్మట బర్మాలో మన రాయబారిగా పనిచేశారు. ఆయన నాటికి దళాధిపతి హోదా వైస్ అడ్మిరలే. అది పూర్తి అడ్మిరలుగా పెరిగినది 1968 మార్చిలో, ఎ. కె. చటర్జీగారి కాలంలో. సముద్రపుటొడ్డు లేని హైదరాబాదులో చదువుకొన్న పిల్లవాడు సముద్రసేనకు పెద్ద అయినాడన్నది బళ్ళారివారమైన మనం మరువదగినది కాదు.

మెట్లను గురించి చెప్పేటప్పుడు వాటి చెడుగును కూడా దాచరాదు. అధికారుల కింద నావికుల మెట్లు వేరుగా వున్నవి. సీమన్, లీడింగ్ సీమన్, పెట్టీ ఆఫీసరు, చీఫ్ పెట్టీ ఆఫీసరు, మాస్టరు చీఫ్ పెట్టీ ఆఫీసరు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే శిక్షణకేంద్రంలో నావికులు తిరగబడ్డారు. తిండి బాగుండలేదన్నది ఒక కారణం. తెల్ల అధికారులు తమను తూలనాడటం మరొక కారణం. కొద్దిరోజుల్లోనే ఆ మంట కరాచీ మొదలైన రేవులకు ప్రాకింది. మెట్లు వుండటం వేరు, పైమెట్టువాడు కిందివాణ్ణి మనిషిగా చూడకపోవటం వేరు. యీనాడు దీర్ఘకాలం మంచిపేరుతో పనిచేసిన మాస్టరు చీఫ్ పెట్టీ ఆఫీసర్లలో కొందరికి గణతంత్రదినాన, స్వాతంత్ర్యదినాన గౌరవ సబ్-లెఫ్టినెంటు, గౌరవ లెఫ్టినెంటు హోదాలిస్తున్నారు. తల నెరసిన నావికుడు ఆ గీతలు తొడుక్కొన్న ఫోటో యే యింటి గోడ మీదనైనా కనిపిస్తే, దాని వెనుక ఒక జీవితకాలపు కష్టమున్నదని గ్రహించండి.

యుద్ధం వచ్చినప్పుడు యీ నడిమి మెట్లవారి మీద యెంత బరువు పడుతుందో 1971 చెబుతుంది. ఆ డిసెంబరు 4 రాత్రి కరాచీ మీదికి పోయిన మూడు క్షిపణి పడవలు నిపాత్, నిర్ఘాత్, వీర్. మూడింటికీ అధిపతులు లెఫ్టినెంటు కమాండర్లే. వారి దళానికి పెద్ద అయిన బబ్రూభాన్ యాదవ్ కమాండరు హోదావారు. ఏటా డిసెంబరు 4ను నౌకాదళ దినంగా జరుపుకోవటం యీ దాడి జ్ఞాపకార్థమే. అంతకు ముందటి రాత్రి విశాఖపట్టణం నుంచి బయలుదేరిన రాజ్‌పుత్ నౌకకు అధిపతి లెఫ్టినెంటు కమాండరు ఇందర్ సింగ్. నీటిలో అలికిడి అనుమానించి ఆయన లోతుబాంబులు వేయించారు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ చెంతనే మునిగిపోయింది. అది యెట్లా మునిగిందనే విషయమై రెండు దేశాల వాదనలు వేరు. అది విశాఖ ముంగిట మునిగిందన్నది మాత్రం నిజం. డిసెంబరు 9న మన ఖుక్రీ నౌక శత్రువు టార్పెడోకు గురియై 18 మంది అధికారులతో, 176 మంది నావికులతో మునిగిపోయింది. దాని అధిపతి కెప్టెను మహేంద్రనాథ్ ముల్లా తప్పించుకొనే ప్రయత్నం చేయక ఓడతోనే వుండిపోయారు. హోదాకు చెల్లించే వెల యిదీ.

అధికారుల బల్ల వద్ద ఆడవారికి చోటు చాలా ఆలస్యంగా దొరికింది. 1992లో కొన్ని శాఖలలోకి, అదీ కొద్దికాలపు కమిషనుతో, తీసుకొన్నారు. శాశ్వత కమిషనుకు వారూ అర్హులేనని సుప్రీంకోర్టు 2020 మార్చి 17న తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ముందే ఆరుగురు స్త్రీలు జవాబు చెప్పి వచ్చారు. తారిణి అనే 56 అడుగుల తెరచాప పడవలో 2017 సెప్టెంబరు 10న గోవా విడిచి, భూగోళం చుట్టి, 254 రోజుల తరువాత 2018 మే 21న మళ్ళీ గోవా చేరారు. ముగ్గురు లెఫ్టినెంటు కమాండర్లు, ముగ్గురు లెఫ్టినెంట్లు. నాయకురాలు వర్తికా జోషి. తక్కినవారిలో ప్రతిభా జమ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తాలతోపాటు మన తెలుగు ఆడబిడ్డలు యిద్దరు: విశాఖపట్టణానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య.

వారు పోయిన దూరం సుమారు 21,600 నాటికల్ మైళ్ళు. అంటే యించుమించు 40,000 కిలోమీటర్లు. న్యూజీలాండు విడిచి దక్షిణ అమెరికా కొమ్ము చుట్టి ఫాక్‌లాండ్ దీవులు చేరటానికి సుమారు 41 రోజులు పట్టింది. ఆ దారిలో కొండలవంటి అలలు, గడ్డకట్టించే చలి. తిరుగు ప్రయాణంలో చుక్కాని యంత్రం చెడితే మారిషస్ రేవులో ఆగి బాగుచేసుకొన్నారు. ఆ పడవలో వంట చేసినా, చుక్కాని పట్టినా, తెరచాప కుట్టినా వారే. వేల మైళ్ళలో సలహా అడగటానికి పై అధికారి యెదుట లేడు. లెఫ్టినెంటు అనే మాటకు నిఘంటువులో వున్న అర్థం యిక్కడ నీటి మీద కనిపించింది.

ఇక మన పిల్లల మాట. బళ్ళారి, సిరుగుప్ప, కంప్లి ప్రాంతాల తెలుగు కుటుంబాలలో సేద్యం, ప్రత్తి వ్యాపారం, కాంట్రాక్టులు, డాక్టరీ, ఇంజనీరింగు – యీ దారులు బాగా నలిగినవి. నౌకాదళం అనగానే "మనకు సముద్రమెక్కడిదప్పా" అని నవ్వేస్తాము. కాని పి.యు.సి.లో లెక్కలు, భౌతికశాస్త్రం చదివే పిల్లలకు తలుపులు తెరిచేవున్నవి. యు.పి.ఎస్.సి. పెట్టే ఎన్.డి.ఎ. పరీక్ష ఒక దారి. ఖడక్వాస్లాలో మూడేళ్ళు, పిమ్మట కేరళలోని ఎళిమల నౌకా అకాడమీలో ఒక యేడు. ఇంజనీరింగు కోసం మన పిల్లలు యెట్లాగూ వ్రాసే జె.ఇ.ఇ. మెయిన్ ర్యాంకు మీద యెన్నికై ఎళిమలలోనే బి.టెక్. చదివే దారి మరొకటి. డిగ్రీ అయినవారికి సి.డి.ఎస్. పరీక్ష వున్నది. ఏ దారిన పోయినా సర్వీసు సెలక్షను బోర్డువారు కొన్ని రోజులు దగ్గర వుంచుకొని పరీక్షిస్తారు. ఎన్.డి.ఎ.లో ఆడపిల్లలను కూడా 2022 నుంచి చేర్చుకొంటున్నారు. కమిషను పొందిన 2 యేళ్ళకు లెఫ్టినెంటు, 6 యేళ్ళకు లెఫ్టినెంటు కమాండరు, 13 యేళ్ళకు కమాండరు కావచ్చు. ఆ పైమెట్లకు యెంపిక కఠినం.

సెలవుల్లో విశాఖ వెళ్ళేవారు బీచిరోడ్డులో కుర్సురా జలాంతర్గామిని తప్పక చూడండి. 1969 నుంచి 2001 దాకా కొలువు చేసి, 2002 నుంచి ప్రదర్శనశాలగా వున్నది. లోపల మనుషులు పడుకొన్న యిరుకు పడకలు పిల్లలకు చూపించండి. ఆ కష్టం చూసిన తరువాత కూడా పిల్ల గాని పిల్లవాడు గాని "నేను పోతాను" అంటే వెనక్కు లాగవద్దు. సంబంధం చూసేటప్పుడయితే హోదా పేరు యెంత పెద్దగా మ్రోగుతున్నదని చూడక, పహరాపట్టా వచ్చిందా అని అడగండి. రెండు బంగారు గీతల లెఫ్టినెంటుకు ఆ పట్టా వున్నదంటే, ఒక ఓడెడు మనుషులు అతణ్ణి నమ్మి నిద్రపోతున్నారన్నమాట. పిల్లను యివ్వటానికి అంతకంటె మంచి సిఫార్సు మరేముంటుంది?